రాళ్ళు మోసినవాళ్ళ బొమ్మ ఏదీ?

మన గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని సెంటరు వెతుక్కోవాల్సిందే. గుర్రం మీద దొర, టోపీ పెట్టుకున్న దొర, సిమెంటు దొర, కంచు దొర. మే 15 వస్తే దండలు, మైకులు, ఉపన్యాసాలు. 1803లో ఆ రోజున పుట్టాడాయన. వెయ్యనివ్వండి దండలు, మనకేం అభ్యంతరం లేదు. ఆనకట్ట రాకముందు కరువుకి జనం ఎలా రాలిపోయారో మన ముసలమ్మలు వాళ్ళ ముసలమ్మల దగ్గర విన్నదే మనమూ విన్నాం. ఆ దొర వల్ల నీళ్ళొచ్చాయి, తిండొచ్చింది. ఎవరి కంచంలోకి ఎంతొచ్చిందనేది వేరే లెక్క. నేనడిగేది ఒక్కటే. 1847లో మొదలుపెట్టి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు గదా, ఆ రాయి ఎవరు మోశారు?

ధవళేశ్వరం కొండ పగలగొట్టి రాయి తెచ్చారు. వేలాదిమంది కూలీలు. రాయి కొట్టడం వడ్డెర్ల పని, మట్టి మొయ్యడం మనబోటి వాళ్ళ పని. తట్ట నెత్తిన పెట్టుకున్నవాడు కరణంగారి అబ్బాయైతే కాదు. రాజోలు వైపు పోయేవాళ్ళు గన్నవరం దగ్గర పాత అక్విడక్టు చూసే వుంటారు. వైనతేయ మీంచి నాగరం దీవికి నీళ్ళు దాటించిన కట్టడం. దాని గురించి అడిగితే హేగ్ అనే ఇంజనీరు పేరు చెప్తారు. సరే, హేగ్ కాగితం మీద గీత గీశాడు. ఒండ్రులో నడుందాకా దిగి పునాది పెట్టినవాడి పేరేమిటి? వాడి విగ్రహం ఏ సెంటర్లోనూ నేను చూళ్ళేదు. వాడి బొమ్మ ఏ గోడ మీదా చూళ్ళేదు.

ఈ ప్రశ్న నాకు వూరికే పుట్టలేదు. మా పేటలో డిగ్రీ చదివే కుర్రాడొకడు రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఒక బరువైన పుస్తకం కొనుక్కొచ్చాడు. యూరపు చిత్రకారుల బొమ్మల పుస్తకం. రాత్రి సావిట్లో లైటు కింద పేజీలు తిప్పుతున్నవాడు ఒకచోట ఆగి, “బాబాయ్, ఈ రాళ్ళు కొట్టేవాడు మా తాతలా వున్నాడేంటి?” అన్నాడు. పక్కనున్న పెద్దాయన ఒకరు కసిరారు. “తెల్లోళ్ళ బొమ్మలు మనకెందుకురా, పరీక్షకి చదువుకో.”

తెల్లోళ్ళ బొమ్మలు మనకెందుకు అంటే, అయ్యా, అవి మన ఇళ్ళల్లో వుండనే వున్నాయి. క్రీస్తుని నమ్మిన ఏ ఇంటికైనా వెళ్ళండి. ప్రభువు శిష్యులతో బల్ల దగ్గర కూర్చున్న కేలెండరు వుంటుంది. అది లియొనార్డో దావించి అనే ఇటలీవాడు 1490లలో మిలాన్ పట్నంలో ఒక మఠం భోజనశాల గోడ మీద వేసిన బొమ్మకి నకలు. పెళ్ళి కాని తల్లికి, ఒక పల్లెటూరి పిల్లకి పుట్టినవాడు లియొనార్డో. గెత్సేమనే తోటలో రాతి మీద చేతులు పెట్టి ప్రార్థించే యేసు బొమ్మ వుంటుంది చూడండి, అది హాఫ్‌మన్ అనే జర్మనీవాడిది. మన పేటల్లో యేసు తెల్లగా, పట్టులాంటి జుట్టుతో వుండడానికి కారణం బైబిలు కాదు, ఈ చిత్రకారులు. అంచేత యూరపు చిత్రకారులు మనకి కొత్తవాళ్ళు కాదు. మన గోడ మీదకి వచ్చినవాళ్ళు కొందరే, రానివాళ్ళు ఇంకొందరున్నారు. ఆ రానివాళ్ళ సంగతే ఇప్పుడు చెప్తాను.

కుర్రాడు ఆగిన పేజీలో వున్న బొమ్మ గుస్తావ్ కూర్బే వేసింది. ఫ్రాన్సు దేశస్థుడు. పొలాలూ పుట్రా వున్న ఆసామి కొడుకు. మనలాంటివాడు కాదు, అది ముందే చెప్పుకోవాలి. 1849లో రోడ్డు పక్కన కంకర కొడుతున్న ఇద్దర్ని చూశాడు. ఒకడు ముసలాడు, ఒకడు కుర్రాడు. మర్నాడు వాళ్ళని తన గదికి పిలిచి బొమ్మ వేశాడు. ముసలాడు మోకాలు నేలకానించి సుత్తి ఎత్తాడు. టోపీ నీడలో ముఖం కనపడదు. కుర్రాడు వీపు మనవైపు తిప్పి రాళ్ళ గంప ఎత్తుతున్నాడు. వాడి ముఖమూ కనపడదు. చొక్కా చిరిగివుంది, మేజోడు మడమ దగ్గర చిరిగివుంది. అంతే బొమ్మ. అందులో కథ లేదు, దేవుడు లేడు, రాజు లేడు.

దీనికి పారిస్‌లో గొడవ ఎందుకయింది? సైజు వల్ల. నిలువు అయిదడుగుల పైన, అడ్డం ఎనిమిదడుగుల పైన. అంత గుడ్డ మీద అప్పటిదాకా రాజుల్ని, యుద్ధాల్ని, దేవుళ్ళనే వేసేవారు. అలగాజనాన్ని వెయ్యాలంటే చిన్న బొమ్మ, అందులోనూ కాస్త నవ్వు పుట్టించేట్టు వెయ్యాలి. కూర్బే ఇద్దరు కూలీల్ని మనిషంత మనుషులుగా వేసి 1850లో పెద్దల ప్రదర్శనకి పట్టుకుపోయాడు. పెద్దమనుషులు వాళ్ళ ముందు నిలబడాల్సొచ్చింది. ఆ పనిలో దిగినవాడు ఈ కుర్రాడిలా మొదలై ఆ ముసలాడిలా ముగుస్తాడని కూర్బేయే ఉత్తరంలో రాసుకున్నాడు. మన పాలేర్ల బతుకు చూసినవాడికి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

కూర్బే సంగతి తర్వాత ఏమైందంటే, 1871లో పారిస్ కార్మికులు నగరాన్ని చేజిక్కించుకుని కమ్యూన్ పెట్టినప్పుడు అందులో చేరాడు. అది కూలిపోయాక ఆరునెలలు జైలు. కమ్యూన్ వాళ్ళు పడగొట్టిన నెపోలియన్ స్తంభం మళ్ళీ కట్టే ఖర్చంతా ఆయన మీద వేశారు, మూడు లక్షల ఫ్రాంకులకి పైన. కట్టలేక స్విట్జర్లాండు పారిపోయి 1877 ఆఖరి రోజున అక్కడే పోయాడు. ఆ బొమ్మ కూడా లేదిప్పుడు. 1945లో డ్రెస్డెన్ మీద బాంబులు పడ్డ రోజుల్లో కాలిపోయింది. మా కుర్రాడు చూసింది ఫోటోకి ఫోటో.

ఇప్పుడు తారీకులు చూడండి. 1849. ఫ్రాన్సులో రాళ్ళు కొట్టినవాడు బొమ్మలోకి ఎక్కిన సంవత్సరం. సరిగ్గా అదే సంవత్సరం ధవళేశ్వరంలో మన తాతల తాతలు రాళ్ళు మోస్తున్నారు. అక్కడ కూర్బే వున్నాడు. ఇక్కడ ఎవరున్నారు?

మనవాళ్ళని ఆ రోజుల్లో అసలు గీయలేదని కాదు. గీశారు. కంపెనీ దొరలు దేశం చూసి తిరిగెళ్ళేటప్పుడు జ్ఞాపకంగా పట్టుకుపోవడానికి ఇక్కడి చిత్రకారుల చేత ఆల్బములు వేయించుకునేవారు. కులానికొక జంట. మొగుడూ పెళ్ళాం నిలబడి, చేతిలో కులవృత్తి పనిముట్టు. పేరుండదు, వూరుండదు. పురుగుని సూదికి గుచ్చి కింద చీటీ అంటించినట్టు కులం పేరు మాత్రం వుంటుంది. బొమ్మలో వుండడం వేరు, మనిషిగా వుండడం వేరు.

రెండో చిత్రకారుడు మిలే. ఫ్రాన్సులోనే, సముద్రానికి దగ్గర గ్రూషీ అనే పల్లెలో 1814లో పుట్టాడు. రైతు కుటుంబం. కొడవలీ నాగలీ పట్టి పని చేసిన చెయ్యి. 1857లో ఆయన వేసిన బొమ్మకి తెలుగులో పేరు పెట్టాల్సిన పనిలేదు, మన మాటే వుంది. పరిగె.

మా అమ్మ పరిగెకి వెళ్ళేది. కోతలై, కట్టివేతై, కుప్పపడ్డాక చేలో రాలిన కంకులు ఏరుకోడానికి. ఏ చేలో దిగొచ్చు, ఏ ఆసామి తిడతాడు, ఏ ఆసామి పాలేరు కర్ర పట్టుకొస్తాడు, ఇదంతా ఆడాళ్ళ మధ్య లెక్క. పొద్దున్న వంగితే మధ్యాన్నం దాకా లేవకూడదు. లేస్తే పక్కావిడ ముందుకి పోతుంది. సాయంత్రం కొంగులో తెచ్చిన కంకులు కాలితో నలిపి, చేటలో చెరిగి, దంపుకుంటే ఆ పూటకి గంజి. నాకు ఆ చేల వాసన కంటే అమ్మ నడుం మీద చెయ్యేసుకుని లేచే తీరు ఎక్కువ గుర్తు.

మిలే బొమ్మలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఇద్దరు పూర్తిగా వంగారు. మూడో ఆవిడ సగం వంగి, లేద్దామా వంగుదామా అన్నట్టుంది. ఆ సగం వంగినావిడని చూసినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. దూరంగా, బాగా దూరంగా, పెద్ద పెద్ద కుప్పలు, బళ్ళనిండా పంట, గుర్రం మీద ఒక పెత్తందారు. కుప్పలున్నచోట వెలుగుంది. ఆడాళ్ళున్నచోట వాళ్ళ నీడలున్నాయి. చర్చిలో రూతు కథ విన్నవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. పరిగె పేదలకి వదిలెయ్యమని బైబిలు ధర్మం. ఫ్రాన్సులో దానికి పాత చట్టం కూడా వుండేది. మనకి ఏ చట్టమూ లేదు, ఆసామి దయ.

ఆ ముగ్గురు ఆడాళ్ళని చూసి పారిస్ ధనవంతులు భయపడ్డారంటే నమ్ముతారా? వాళ్ళ చేతుల్లో కొడవళ్ళు కూడా లేవు. అయినా తొమ్మిదేళ్ళ కిందట 1848లో జరిగిన తిరుగుబాటు వాళ్ళకింకా కళ్ళ ముందుంది. దరిద్రానికి అధిదేవతల్లా వున్నారని ఒక విమర్శకుడు వెక్కిరించాడు. మనకి ఇది ఆశ్చర్యం కాకూడదు. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగింది? జిల్లా పేరు ముందు అంబేద్కర్ పేరు చేరుస్తారన్నందుకు మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఒక పేరు బోర్డు మీదకి ఎక్కితే ఎవరి పొలంలో సెంటు భూమి పోయింది? ఏమీ పోలేదు. అయినా మంట లేచింది. గోడ మీద ఎవరుండాలి, బోర్డు మీద ఎవరుండాలి అనేది ఉత్త ముచ్చట కాదని వాళ్ళకి తెలుసు.

మిలేది ఇంకో బొమ్మ వుంది. బంగాళాదుంపల చేలో సాయంత్రం గుడి గంట విని తలవంచి ప్రార్థించే భార్యాభర్తలు. దాన్ని వెయ్యి ఫ్రాంకులకి అమ్ముకున్నాడు. 1875లో పోయాడు. 1889లో అదే బొమ్మ వేలంలో అయిదున్నర లక్షల ఫ్రాంకులు పలికింది. చేతులు మారినప్పుడల్లా వ్యాపారికి లాభం, వేసినవాడి ఇంటికి పైసా లేదు. బొమ్మ తిరిగి అమ్ముడయినప్పుడల్లా వేసినవాడికో వాళ్ళ వారసులకో కొంత వాటా ఇవ్వాలని 1920లో ఫ్రాన్సు చట్టం చేసింది. దానికి మిలే కథ కూడా ఒక కారణమంటారు. కొబ్బరికాయ చెట్టు దగ్గర ఎంత, ఢిల్లీలో ఎంత అని లెక్కేసుకునే మనకి ఈ లెక్క చప్పున అర్థమవుతుంది.

వాన్ గో పేరు మీలో కొందరు వినేవుంటారు. హాలెండు దేశస్థుడు, పాస్టరు గారి కొడుకు. మొదట తనూ బోధకుడు అవుదామనుకున్నాడు. 1879లో బెల్జియంలో బొగ్గు గనుల ప్రాంతానికి పంపారు. అక్కడ గని కూలీలకి తన బట్టలిచ్చేసి, వాళ్ళలాగే గుడిసెలో పడుకున్నాడు. బోధకుడి హోదాకి ఇది తగదని మిషను వాళ్ళు కొనసాగించలేదు. పేటలో పడుకుని, పేట కూడు తిన్న పాస్టర్లని పైవాళ్ళు ఎలా చూస్తారో మనకి తెలియంది కాదు.

తర్వాత బొమ్మల్లోకి దిగాడు. 1885లో నూనెన్ అనే పల్లెలో ఒక కూలి కుటుంబం దీపం చుట్టూ కూర్చుని బంగాళాదుంపలు తింటున్న బొమ్మ వేశాడు. అందులో ఎవరూ అందంగా వుండరు. చేతులు వేర్లలా వుంటాయి. ఏ చేత్తో మట్టి తవ్వారో ఆ చేత్తోనే గిన్నెలోంచి తీసుకుంటున్నారు, కష్టపడి సంపాదించిన తిండి అది, ఆ సంగతే చెప్పాలనుకున్నానని తమ్ముడికి రాశాడు. అదే వూళ్ళో గుడి గురువు ఏం చేశాడో కూడా రాశాడు. ఆ చిత్రకారుడి ముందు కూర్చోవద్దని జనానికి చెప్పాడట, కూర్చోకపోతే డబ్బిస్తానన్నాడట. కూలివాడి ముఖం కాగితం మీదకి రాకుండా ఆపడానికి డబ్బు ఖర్చుపెట్టే మనిషిని ఒక్కసారి వూహించుకోండి.

ఇక చెప్పుల కథ. 1886లో వాన్ గో ఒక పాత బూట్ల జత బొమ్మ వేశాడు. తాళ్ళు వూడి, తోలు ముడతలు పడి వుంటాయి. దాని మీద పెద్ద పెద్ద పండితులు పోట్లాడుకున్నారు. హైడెగ్గర్ అనే జర్మనీ తత్వవేత్త అవి పొలంలో పనిచేసే ఆడమనిషివి అని వ్యాసం రాశాడు. కాదు, చిత్రకారుడివేనని షాపిరో అనే అమెరికా ప్రొఫెసరు 1968లో ఖండించాడు. తర్వాత ఇంకా ఎందరో. ఎవరు తొడిగారు, ఎవరు తొడిగారు అనే గోల. ఎవరు కుట్టారు అని ఒక్క పండితుడూ అడిగినట్టు నాకు కనపడలేదు. మా వూరి మాదిగపేటలో చెప్పులు కుట్టే పెద్దాయనకి ఆ బొమ్మ చూపించాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, “ఇదీ అదీ ఒక జత కాదేమో చూడు” అన్నాడు. రెండూ ఎడమకాలివేమోనని బొమ్మలు చదివినవాళ్ళలో కూడా కొందరికి అనుమానం వచ్చిందని తర్వాత తెలిసింది. వాళ్ళకి ఎన్నేళ్ళు పట్టిందో గాని మా పెద్దాయనకి అర నిమిషం పట్టింది.

ఇక్కడిదాకా చదివి, “అంతా వాళ్ళు మనలాంటివాళ్ళని గీయడమే గదా, మనవాడు గీసింది ఏదీ?” అని మీరు అడగాలి. అడక్కపోతే నేను రాసిందంతా దండగ. కూర్బే ఆసామి బిడ్డ, వాన్ గో పాస్టరు బిడ్డ. మిలే ఒక్కడే మట్టి పిసికినవాడు. జాలితోనో కోపంతోనో ఎవరో వచ్చి మనని గీసిపెట్టాలని కూర్చుంటే ఇంకో నూటయాభై ఏళ్ళు కూర్చోవచ్చు.

అందుకే హువాన్ దె పరేహా కథ చెప్పాలి. స్పెయిన్ దేశంలో బానిస. నల్లవాళ్ళ రక్తం వున్నవాడు. రాజుగారి ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెస్‌కి సొత్తు. సొత్తు అంటే గొడ్డూ గోదా ఎలాగో అలాగ. ఆయన పని రంగులు నూరడం, గుడ్డ బిగించడం. 1650లో రోమ్ పట్నంలో వెలాస్కెస్ ఇతని బొమ్మ వేశాడు. తల నిటారుగా, చూపు నేరుగా, ఏ దొరకీ తీసిపోకుండా. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అదే సంవత్సరం నవంబరులో అతనికి విడుదల పత్రం రాశాడు, అదీ ఇంకో నాలుగేళ్ళు చాకిరీ చేశాకనే అనే షరతుతో. బొమ్మలో ఎంత గౌరవం ఇచ్చినా కాగితంలో నాలుగేళ్ళు మాత్రం వదల్లేదు చూశారా.

బానిసగా వున్నప్పుడు కుంచె పట్టకూడదు గనక యజమానికి తెలీకుండా దొంగచాటుగా నేర్చుకున్నాడని తర్వాతివాళ్ళు రాసిన కథ. ద్రోణుడూ ఏకలవ్యుడూ గుర్తొస్తే తప్పు మీది కాదు. అయితే ఇతని బొటనవేలు మిగిలింది. విడుదలయ్యాక చిత్రకారుడయ్యాడు. 1661లో ‘మత్తయికి పిలుపు’ అనే పెద్ద బొమ్మ వేశాడు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయిని ప్రభువు పిలిచే ఘట్టం. ఆ బొమ్మకి ఎడమ అంచున ఒక మనిషి నిలబడి మనవైపు చూస్తుంటాడు. చేతిలో చీటీ. చీటీ మీద అతని పేరు. పరేహా తనని తానే వేసుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పుడు మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియంలో వుంది. వెలాస్కెస్ వేసిన పరేహా బొమ్మ 1970లో వేలంలో యాభై అయిదు లక్షల డాలర్లకి పైగా పలికి న్యూయార్క్ చేరింది. పరేహా తను వేసినవాటికి మాత్రం న్యూయార్క్‌లో ప్రత్యేక ప్రదర్శన పెట్టడానికి 2023 దాకా ఆగాల్సొచ్చింది.

మన గోదారి ఒడ్డుకి వద్దాం. యూరపు పద్ధతి చిత్రలేఖనం మన వైపు నేర్పినవాడు కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలు, తనూ చిత్రకారుడే. దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో పనితనం చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించాడు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. రామారావు 1897లో పుట్టి 1925లో మశూచికంతో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆ కాస్త వయసులో వేసినవి రాజమండ్రిలో ఆయన పేరుతో వున్న గ్యాలరీలో వున్నాయి, వెళ్ళి చూడండి, మంచి చెయ్యి. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కూల్డ్రే మీదా లేదు. అయితే దొర కన్ను పడాలంటే ముందు కాలేజీ గుమ్మం ఎక్కాలి. 1910లలో మన పేటల్నించి ఆ గుమ్మం ఎక్కగలిగినవాడు ఎవడు? బొగ్గుముక్కతో గోడ మీద గీసి, గోడ పాడుచేశావని దెబ్బలు తిన్న పిల్లలు మన పేటల్లో పుట్టలేదా? పుట్టేవుంటారు. వాళ్ళ మీద ఏ కన్నూ పడలేదు.

కలం మనవాళ్ళకి కాస్త ముందు దొరికింది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు ‘పాలేరు’ నాటకం రాస్తే పాలేరు స్టేజీ ఎక్కాడు. కుంచె అంత తొందరగా దొరకలేదు. కోనసీమ అనగానే ఏ బొమ్మ వేస్తారు? కొబ్బరిచెట్లు, కాలవ, పడవ, పెంకుటిల్లు, అరుగు మీద పెద్దాయన. చెట్టుంది, చెట్టెక్కే మనిషి లేడు. చేను పచ్చగా వుంది, వూడ్చిన ఆడాళ్ళు లేరు. కాలవుంది, కాలవ అవతల పేట లేదు. విచారం ఏమిటంటే మన పిల్లలు కూడా బళ్ళో డ్రాయింగు పోటీకి ఇదే వేసుకొస్తున్నారు. నా దగ్గర ట్యూషన్‌కొచ్చే పిల్లని, “మీ ఇల్లు ఎందుకెయ్యలేదే?” అనడిగితే, “మా ఇల్లు బొమ్మకి బాగోదండి” అంది. అయిదో తరగతి పిల్ల. దాన్ని ఎవరు నేర్పారు?

మనలో చేతిపని వున్నవాళ్ళు లేకనా? ఒకప్పుడు ప్రతి సెంటర్లోనూ ఒక ఆర్ట్సు కొట్టుండేది. అందులో బోర్డులు రాసే కుర్రాళ్ళలో మనవాళ్ళు చాలామంది. మా పక్క పేటలో ఒకాయన అంబేద్కర్ బొమ్మ గోడ మీద వేస్తే కోటు గుండీలు లెక్కపెట్టొచ్చు. కళ్ళజోడు వెనక కళ్ళు వెయ్యడం కష్టం అనేవాడు, ఆఖర్న వేసేవాడు. ఫ్లెక్సీ వచ్చాక ఆ చెయ్యి కూలికి పోయింది. ఇప్పుడు కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ఏప్రిల్ 14కి మనం వేయించే ఫ్లెక్సీలో అంబేద్కర్ చిన్నగా పైన మూలకి, మన నాయకుల ఫోటోలు నలభై కింద. తిట్టుకోకండి, నిజం కాదా? ఆ డబ్బులో నాలుగో వంతు ఆయనకిచ్చి గోడ వేయించలేమా?

సంఘంలో ఈ మాట అంటే, ముందు భూమి, కూలి, కేసులు, తర్వాత బొమ్మలు అన్నారు. భూమి పోరాటం ఆపమని నేననలేదు. విగ్రహానికి చెప్పుల దండ వేసి రాత్రికి రాత్రి పారిపోయేవాడికి బొమ్మ విలువ తెలుసు. తెల్లారి రోడ్డు మీద కూర్చునే మనకీ తెలుసు. విగ్రహం జోలికొస్తే కేసు దాకా వెళ్తాం, విగ్రహం చెక్కే చెయ్యి ఆకలికి పోతే మాత్రం అడగం.

జర్మనీలో కేతే కోల్‌విట్జ్ అనే ఆవిడ వుండేది. నేతగాళ్ళ తిరుగుబాటు మీద 1890లలో బొమ్మలు వేసింది. బంగారు పతకం ఇద్దామని పెద్దలు సిఫార్సు చేస్తే కైజరు చక్రవర్తి కాదన్నాడు. ఆవిడ బొమ్మల్లో ఎక్కువ అచ్చుబొమ్మలే. చెక్క మీదో రాయి మీదో రేకు మీదో ఒకసారి సిద్ధం చేస్తే ఎన్ని కాగితాలైనా అచ్చొత్తుకోవచ్చు. దానికి రాజమహల్ అక్కర్లేదు. బెండకాయ కోసి రంగులో ముంచి అద్దే పిల్లలకి ఈ పని వచ్చేసినట్టే. అరిగిన హవాయి చెప్పు అట్ట మీద బ్లేడుతో చెక్కినా అచ్చు పడుతుంది, నేను పడేసి చూశాను. ఈ పత్రిక అట్ట మీదకి మన పిల్లలు చెక్కిన బొమ్మ ఎందుకు రాకూడదు? అమలాపురంలో కోనసీమ చిత్రకళా పరిషత్తు వుంది, పోటీలు పెడుతుంది. అక్కడికీ పంపిద్దాం, కొబ్బరిచెట్టు బొమ్మతో కాదు, పేట బొమ్మతో.

నేననుకునేది ఇది. పేటకొక గోడ. కమ్యూనిటీ హాలు గోడైనా సరే, చర్చి వెనక గోడైనా సరే. ఏం వెయ్యాలో ముందు ముసలాళ్ళని అడగాలి. మా పేటలో అడిగాం. ఒకావిడ 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో తాటిచెట్టుకి చీరతో కట్టేసుకుని బతికిన సంగతి వెయ్యమంది. ఒకాయన గోచీ కట్టి కాలవ పూడిక తీసినవాళ్ళని వెయ్యమన్నాడు. కువైట్‌లో ఇంటిపనికి పోయి ఎనిమిదేళ్ళకి తిరిగొచ్చిన అక్క, విమానం దిగినప్పుడు తన పిల్లే తనని గుర్తుపట్టని బొమ్మ వెయ్యమని చెప్పి లేచి వెళ్ళిపోయింది. ధవళేశ్వరం రాళ్ళు మోసినవాళ్ళని ఎవరూ చూడలేదు గనక మా కుర్రాడు వాళ్ళ తాత ముఖంతో వేస్తానన్నాడు. మనిషంత సైజులో. ఈసారి ముఖం కనపడేట్టు.

మే 15కి ముందే అయిపోవాలని మా తొందర. కొబ్బరికాయలు ఒలిచే మా ఆర్టిస్టు గారు పాత కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టారు. మిగిలిన పేటలవాళ్ళు కబురు చెయ్యండి. గోడ ఎన్నడుగులుందో కొలిచి చెప్పండి, నాచు గీకి రెండు పూతలు సున్నం కొట్టి వుంచండి. రంగులూ మనిషీ మేం తీసుకొస్తాం. నిచ్చెన మాత్రం మీదే.